పడుకోబెట్టి కొలవకూడదు

పోయిన నెల మా వంటింట్లో అలమరాలు చేయించుకుందామని ఒక కుర్రాడిని పిలిచాను. వచ్చాడు, జేబులోంచి సబ్బుబిళ్ళంత పెట్టె ఒకటి తీశాడు, గోడకేసి గురిపెట్టి మీట నొక్కాడు. ఎదుటి గోడ మీద ఎర్రచుక్క పడింది. "అయిపోయిందండి" అన్నాడు. "ఏమయిపోయింది నాయనా?" అంటే, కొలతట. టేపు తేలేదా అని అడిగితే, "టేపులు ఎవరు మోస్తున్నారండి ఇప్పుడు" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. అతను వెళ్ళాక స్టవ్వు పక్కకి జరిపి, నూనె జిడ్డు పట్టిన ఆ గోడనే ఈ మూల నుంచి ఆ మూలదాకా జానలు వేసుకుంటూ కొలిచాను. మా ఆయన గుమ్మంలో నిలబడి చూసి, "కుర్రాడి మీద అనుమానమా?" అన్నారు. "కుర్రాడి మీద కాదు, ఆ చుక్క మీద. గోడని ముట్టుకోకుండా గోడ సంగతి ఎలా తెలుస్తుందండీ?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చింది గానీ నాది కాదు, మార్తమ్మగారిది. ఆవిడ రిటైరై, ముసలితనం పూర్తిగా అనుభవించి, పోయి కూడా కొన్నేళ్ళయింది. అయినా నా నోట్లో అప్పుడప్పుడు ఆవిడ మాట్లాడుతూనే ఉంటారు.

నాకు టీచరు ఉద్యోగం వచ్చిన కొత్త. రాజమండ్రిలో పుట్టి పెరిగిన పిల్లని, సైకిలు తొక్కడం కూడా రాదు, నన్ను తీసుకెళ్ళి కొవ్వూరు అవతల కాలవగట్టు మీదున్న ఒక చిన్న ఊళ్ళో వేశారు. ఇద్దరు టీచర్ల బడి. పెద్ద టీచరు మార్తమ్మగారు, చిన్న టీచర్ని నేను. ఊళ్ళో అద్దెకి గది దొరక్క నేను బిక్కమొహం వేసుకుని నిలబడితే, "మా ఇంట్లో వీధి గది ఖాళీగా ఉందమ్మాయ్, వచ్చేయ్. అద్దె మాట తర్వాత చూసుకుందాం" అన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ చూసుకోలేదు. భర్త పోయి చాలా కాలమైన మనిషి. పిల్లలు లేరు. నుదుట బొట్టుండదు, మెళ్ళో సన్నటి నల్లదారానికి చిన్న వెండి సిలువ, గంజి పెట్టిన నేత చీర. ఆవిడ నడుస్తుంటే ఆ చీర చేసే చప్పుడు వినే పిల్లలు అల్లరి మానేసేవారు. బెత్తంతో పనుండేది కాదు.

ఆ ఇంట్లో పొద్దున్న లేవగానే నాకు తగిలే వాసనలు మూడు: బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద కాగుతున్న గంజి చీర, పొయ్యి మీద కాఫీ, ఆవిడ ఛాతీకి రాసుకునే నీలగిరి తైలం. వానాకాలం వస్తే ఆవిడకి ఆయాసం. పిల్లికూనలు రెండు గొంతులో పోట్లాడుకుంటున్నట్టు ఉండేది. ఆ ఆయాసంతోనే కూనిరాగం తీస్తూ ప్రార్థన పాటలు పాడుకునేవారు. ఊపిరి ఆడని చోట చరణం ఆపి, ఆడాక మళ్ళీ అక్కణ్ణుంచే ఎత్తుకునేవారు. ఇంట్లో గ్లాసులు, గరిటెలు ఎన్ని ఉన్నా కొలతంతా చేత్తోనే. అన్నానికి నీళ్ళు బియ్యం మీద వేలి గణుపు వరకూ. ఒకరోజు నేను వండుతానని వేలు ముంచి నీళ్ళు పోస్తే అన్నం జావైంది. "నీ వేలు పొడుగమ్మాయ్. నా గిన్నెకి నా వేలే పెట్టాలి" అని నవ్వి, ఆ జావలోనే మజ్జిగ పోసుకుని తాగేశారు. ఆదివారం చర్చి నుంచి వస్తూ చేప తెచ్చేవారు. చాప మీద పెట్టి జాన వేసి, "మూరెడు చేపన్నాడు, చూడు, జానా బెత్తెడు! ఆదివారం పూట కూడా అబద్ధమేనా వీడికి!" అని విసుక్కుంటూనే పులుసు పెట్టేవారు. ఆ పులుసు రుచి ఇప్పుడు ఎన్ని వంటల వీడియోలు చూసినా నాకు కుదిరి చావదు.

బడిలో కొలతల పాఠానికని ప్రభుత్వం వారిచ్చిన మీటరు బద్ద ఒకటుండేది. ఒక కొస చెద తినేసింది. "మన మీటరుకి తొంభై సెంటీమీటర్లే" అనేవారు పెద్ద టీచరుగారు. మూడో తరగతి పుస్తకం తెరవగానే మీటర్లూ సెంటీమీటర్లూ ఉంటే, ఆవిడ పుస్తకం మూసేయమనేవారు. ముందు వేలు, తర్వాత బెత్తెడు, జాన, మూర, బార. ఇవన్నీ చేతికొచ్చాకే స్కేలు. "దేవుడు చేతిలో స్కేలు పెట్టే పంపాడు. ముందు అది వాడండి. దేన్నైనా ముట్టుకోకుండా దాని సంగతి మనకెలా తెలుస్తుంది?" అనేవారు. ఇక చూడాలి ఆ పిల్లల సంబరం. నల్లబల్ల, కిటికీ, అరుగు, నీళ్ళకుండ చుట్టూ, ఏదీ వదల్లేదు. గోడకి బారలు చాపి అతుక్కుపోయి, వీపులకి సున్నం పూసుకుని ఇంటికి పోయేవారు. ఒకడు గేదె తోక కొలవబోయి తన్నించుకున్నాడు. ఒకరి లెక్క ఒకరికి కలవక కొట్టుకునేవారు. కొట్టుకోనిచ్చి, ఆఖర్న ఆవిడ ముడులు వేసిన కొబ్బరితాడు తీసి, "ఇప్పుడు అందరికీ ఇదే మూర" అనేవారు. అంతే, గొడవ సద్దుమణిగేది. ట్రైనింగ్ కాలేజీలో నాకు ఇదంతా ఎవరూ చెప్పలేదు. ఆ పిల్లలతో పాటే నేనూ నేర్చుకున్నాను.

ఆ మూడో తరగతిలో పుల్లమ్మ అని ఒక పిల్ల. వాళ్ళమ్మకి అంతకుముందు ఇద్దరు మగపిల్లలు పుట్టిపుట్టగానే పోయారట. అందుకని ఈ పిల్ల పుట్టగానే ఎంగిలి విస్తరాకుల మీద, అదే పుల్లాకుల మీద, పొర్లించి పుల్లమ్మ అని పేరు పెట్టారు. అలా పెడితే మృత్యువు కూడా మనకెందుకులే ఈ చెత్త అని వదిలేస్తుందని ఆ వైపు నమ్మకం. పిల్ల చీపురుపుల్లలా ఉండేది గానీ బుర్ర మాత్రం పాదరసం. చెప్పిందానికల్లా "ఎందుకండి?" అనేది. తల్లీ తండ్రీ తెల్లారకముందే నాట్లకి పోతే, పిల్లని పెంచేది నాయనమ్మ వీరమ్మ. మామ్మా మామ్మా అంటూ ఈ పిల్ల ఆవిడ చెంగు వదిలేది కాదు. వీరమ్మ రోజూ పిల్లని చంకలో కోడిపిల్లలా తీసుకొచ్చి, బడి మెట్ల మీద కాసేపు కూర్చుని, ఏమీ కాలేదని నమ్మకం కుదిరాక లేచి వెళ్ళేది. పిల్ల తుమ్మితే "చిరంజీవ" అని బయటి నుంచే అరిచేది. క్లాసంతా నవ్వేది.

ఆరోజు పాఠం బార మీద. "ఎవరి బార ఎంతో వాళ్ళ నిలువూ అంతే. కావాలంటే చూసుకోండి" అని పెద్ద టీచరుగారు చెప్పి, అటు ఐదో తరగతి వాళ్ళ దగ్గరికి వెళ్ళారు. పుల్లమ్మ ఊరుకుంటుందా! "అదెలా అవుద్దండి? చేతులు వేరు, కాళ్ళు వేరు కదండి" అంది. తాడు తెచ్చి, దాని బార కొలిచి, నేల మీద పరిచాం. ఇక నిలువు కొలవాలి. నిలబెట్టి కొలుద్దామంటే తాడు జారిపోతోంది, పట్టుకునే పిల్లలకి తల అందడం లేదు. అప్పుడు పుల్లమ్మే, "ఉండండి" అని ఆ తాడు పక్కనే నేల మీద వెల్లకిలా పడుకుంది. మడమలు ఒక కొసకి, మాడు రెండో కొసకి సరిగ్గా సరిపోయాయి! "నిజమేనండోయ్!" అని పడుకునే చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. ఇంకేముంది, క్లాసు క్లాసంతా బార్లా పడుకుంది కొలవమని.

సరిగ్గా అప్పుడే వీరమ్మ గడ్డిమోపుతో అటు వచ్చి కిటికీలోంచి చూసింది. మోపు ఎక్కడ పడేసిందో తెలియదు, లోపలికి దూసుకొచ్చి పిల్లని రెక్క పట్టి లేపేసింది.

"ఎంత పని చేశారండీ! చిన్న పిల్లని పడుకోబెట్టి తాడుతో కొలుస్తారా? పడుకోబెట్టి కొలిచేది ఎవర్నండీ? శవాన్ని కదండీ!"

"అది కాదు వీరమ్మగారూ, పాఠం..." అని నేనేదో నసిగాను.

"ఏం పాఠమండీ! నా పిల్లకి పాడె కొలత కొలిచేసేరు!" అని తల బాదుకుంటూ పిల్లని చంకనేసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ భుజం మీంచి పుల్లమ్మ నావైపు చూస్తూ, "సరిపోయింది కదండి?" అని అరిచింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

కర్మ చాలక, ఆ మర్నాడే పిల్లకి జ్వరం తగిలింది. తొలకరి వానలో తడవని పిల్ల ఆ ఊళ్ళో లేదు, సగం బడి ముక్కులు చీదుతూనే ఉంది. కానీ వీరమ్మకి అది చెప్పగలిగే మొనగాడెవడు? రెండు రోజులకి జ్వరం దిగింది గానీ పిల్ల బడికి రాలేదు. కబురు మాత్రం వచ్చింది. పుల్లమ్మని తునిలో మేనత్త ఇంటికి పంపించేస్తున్నారట. మేనత్తకి చంటిపిల్ల ఉంది, ఆడించడానికి మనిషి కావాలి. బడీ గిడీ ఇక అక్కర్లేదు. ఆదివారం పొద్దున్న బస్సుకి కొవ్వూరు, అక్కణ్ణుంచి రైలు. తొట్టి ఊపడానికి వెళ్ళిన పిల్ల మళ్ళీ పలక పట్టదని కొత్త టీచర్నైన నాకు కూడా తెలుసు. "పదమ్మాయ్, వాళ్ళింటికి వెళ్దాం" అన్నారు పెద్ద టీచరుగారు, చెప్పులేసుకుంటూ.

వీరమ్మ మమ్మల్ని రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. పేడతో అలికిన నేల మీద చాప వేసి, తను గుమ్మానికి చేరగిలబడింది. పుల్లమ్మ తలుపు చాటు నుంచి చూస్తోంది. నేను దారి పొడుగునా కూడబలుక్కున్నవన్నీ చెప్పాను, జ్వరాలు ఎందుకొస్తాయో, ఊళ్ళో ఎంతమందికి వచ్చాయో. వీరమ్మ అంతా విని, నెమ్మదిగా అంది:

"మీరు చదువుకున్నోరు, మీరు చెప్పింది నిజమే అయ్యుంటది. కానీ నేను కొలిచేనండి. రెండు సార్లు. దీని అన్నలిద్దర్నీ. గుంట తవ్వేవోడు ఎంత పొడుగమ్మా అన్నాడు. మా అబ్బాయి నోరు తెరవలేకపోయేడు. నేనే ఈ చేత్తో జానలేసి చెప్పేను. ఒకడు మూరా బెత్తెడు. రెండోవోడు మూరెడే. ఈ చెయ్యి మళ్ళీ దేన్నీ కొలవలేదండి. పూలు కూడా మూరేసి కొనను."

నా దగ్గరున్న పాఠాలన్నీ అక్కడ అయిపోయాయి. మార్తమ్మగారు వీరమ్మ దగ్గరికి జరిగారు. "మా ఆయన పోయినప్పుడు పెట్టె చేసేవాడు వచ్చి కొలిచాడు వీరమ్మా. తాడు రెండో కొస పట్టుకున్నది నేనే" అన్నారు. తర్వాత లేచి, గంజి చీర ఫెళఫెళలాడుతుండగా, ఆ అలికిన నేల మీద వెల్లకిలా పడుకున్నారు! చేతులు పక్కకి పెట్టుకుని, "పుల్లమ్మా, ఇలా రా. నన్ను కొలు" అన్నారు.

"అయ్యో అయ్యో, లెగండమ్మా! మీకెందుకండీ ఈ పాపం!" అంది వీరమ్మ. అంతలోనే, "అయినా మీరు కిరస్తానీవోళ్ళు కదండీ, మీకు తగలదేమో" అంది.

"జ్వరానికీ చావుకీ మతమేంటి వీరమ్మా? నా ఆయాసం సంగతి ఊరందరికీ తెలుసు. తగిలితే నాకే ముందు తగులుతుంది. ఆదివారం దాకా చూడు. నేను మంచం ఎక్కితే నీ మాటే నిజం, పిల్లని పంపించేయ్, నేను అడ్డురాను. గుండ్రాయిలా ఉంటే మాత్రం సోమవారం బడికి పంపాలి."

పుల్లమ్మ అప్పటికే పాదాల దగ్గర కూర్చుని మొదలెట్టేసింది. చీర కుచ్చిళ్ళ మీద జాన జారిపోతుంటే నాలుక బయటపెట్టి, మళ్ళీ సర్దుకుని, నెత్తి దాకా వచ్చి, "పది జానలండి, బెత్తెడు తక్కువ" అంది. వీరమ్మ చెంగు నోట్లో కుక్కుకుని చూస్తూ ఉండిపోయింది.

ఇక ఆ నాలుగు రోజులు నేను పడ్డ పాట్లు పగవాళ్ళకి వద్దు. ఆవిడ గొంతు సవరించుకుంటే నాకు పై ప్రాణాలు పైనే పోయేవి. కిటికీలు మూశాను, నీళ్ళు కాచాను, పెరట్లోకి వెళ్తుంటే గొడుగు పట్టాను. "నేనేమైనా కొత్త పెళ్ళికూతుర్నా?" అని ఆవిడ కసురుకునేవారు. తమాషా ఏంటంటే, నాకంటే ఎక్కువ హైరానా పడింది వీరమ్మ! పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి మా గుమ్మంలో హాజరు. "దగ్గేరా అండీ?" అని నన్ను గుసగుసగా అడిగేది. దగ్గితే పిల్ల ఊరెళ్ళడానికి అడ్డు ఉండదు కదా, సంతోషించాలి న్యాయానికి. అబ్బే! శొంఠి, మిరియాలు, తులసి వేసి కాచిన కషాయం చెంబుతో తెచ్చి, తాగేదాకా కదిలేది కాదు. ఒకసారి లోపలి నుంచి దగ్గు వినపడితే, "పొలమారిందమ్మా, ఏం లేదు" అని పెద్ద టీచరుగారు గదిలోంచి కేకేశారు. జీవితంలో ఆవిడ ఆడిన అబద్ధం నేను విన్నది అదొక్కటే. ఆదివారం పూట కాదులెండి.

శుక్రవారం కొవ్వూరులో టీచర్ల మీటింగు. వద్దంటే వినలేదు, వెళ్ళారు. వచ్చేటప్పుడు కాలవగట్టు మీద కుంభవృష్టి. నిలువునా తడిసి, ఎగరొప్పుతూ ఇల్లు చేరారు. శనివారానికి ఒళ్ళు పెనంలా కాలిపోయింది. డాక్టరు వచ్చి ఇంజెక్షను చేసి, చలిజ్వరమే, భయం లేదన్నాడు. ఆవిడ మాత్రం గోడవైపు తిరిగి పడుకుని, "ఓడిపోయానమ్మాయ్. పిల్ల వెళ్ళిపోతుంది" అన్నారు. ఒక్క పిల్ల చదువు కోసం ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకోవడం అప్పుడు చూశాను. సాయంత్రం వీరమ్మ వచ్చింది, గుమ్మంలోంచే మంచం వైపు చూసింది, చెంబు అక్కడ పెట్టి తిరిగి వెళ్ళిపోయింది.

ఈ రోజుల్లో పిల్లలకి కొలతలు చెప్పే పద్ధతులు నాకు తెలియనివి కావు. నేనూ హెడ్మిస్ట్రెస్సుగా చేసి రిటైరైనదాన్నే. రంగురంగుల టేపులొచ్చాయి, ప్లాస్టిక్ కడ్డీలొచ్చాయి, తెర మీద బొమ్మలే వాటంతటవి కొలుచుకుంటున్నాయి. లెక్క తప్పదు, కొట్లాట ఉండదు, వీపుకి సున్నం అంటదు. బాగుంది, కాదనను. పిల్లలు మీటరుని సెంటీమీటర్లలోకి మార్చడం మాకంటే చకచకా చేస్తారు. కానీ వాళ్ళలో ఎంతమందికి తమ బార తమ నిలువంత ఉంటుందని తెలుసు? ఒక మనిషి చెయ్యి ఇంకో మనిషి మీద పడితే ఏమవుతుందో తెలిసే కొలత వాళ్ళకి ఎవరు చెబుతున్నారు? ఈ మాటలంటే మా అబ్బాయి "అమ్మ మళ్ళీ మొదలెట్టింది" అంటాడు. అననీండి. వాడు ఆ ఆదివారం చూడలేదు.

ఆదివారం పొద్దున్న చర్చి గంట మోగింది. మార్తమ్మగారు లేవలేకపోయారు. జ్వరం కాస్త తగ్గింది గానీ ఆయాసం పిసరంతైనా దిగలేదు. నేను నీలగిరి తైలం రాస్తుంటే గుమ్మంలో అలికిడైంది. వీరమ్మ. పక్కన పుల్లమ్మ, కొత్త గౌను, నూనె రాసి బిగించిన జడలు, చేతిలో బట్టల సంచి. బస్సుకి బయల్దేరిన వాలకం. దండం పెట్టించడానికి తీసుకొచ్చిందనుకున్నాను. పెద్ద టీచరుగారు దిండు మీంచి తల ఎత్తి, "బాగా చదువుకో అమ్మా, ఎక్కడున్నా" అన్నారు. అంతకుమించి ఊపిరి అందలేదు.

వీరమ్మ మంచం పక్కకి వచ్చి నిలబడింది. "మీకు జ్వరం రాకూడదని ఎన్ని దండాలు పెట్టుకున్నానో నాకే తెలుసండి" అంది. "వచ్చేసింది. రాత్రి కన్ను మూతపడలేదు. ఆ కొలత మీ ఒక్కరి మీద ఉండకూడదండి. మీరు పోతే ఈ ఊరి పిల్లలందరూ ఏమైపోతారు? నేను ముసలిదాన్ని, నాకేం." అంటూనే చెంగు దులిపి, మంచం పక్కన గచ్చు మీద, సరిగ్గా మార్తమ్మగారి పక్కనే, పడుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. "రావే. నన్నూ కొలు."

పుల్లమ్మ సంచి కింద పెట్టింది. మామ్మ పాదాల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. చిన్న చెయ్యి మడమ దగ్గర మొదలై, ఎండిపోయిన పిక్క మీదుగా, మోకాలి మీదుగా, జాన వెంట జాన పైకి పాకింది. ముసలిదాని ఒళ్ళు మొదట కర్రలా బిగుసుకుని ఉంది. నడుం దాటేసరికి వదులైంది. ఛాతీ మీద ఆ చెయ్యి పడినప్పుడు ఆవిడ కళ్ళ పక్కనుంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి, తుడుచుకోలేదు. బుగ్గ మీద ఒక వేలు, నుదుటి మీద ఒక వేలు. "తొమ్మిది జానలు, మామ్మా! నువ్వు టీచరుగారి కంటే పొట్టి!" అని పకపకా నవ్వింది పుల్లమ్మ. మంచం మీద మార్తమ్మగారు ఆయాసంతోనే నవ్వారు.

బయట మలుపులో కొవ్వూరు బస్సు హారన్ కొట్టింది. పిల్ల గుమ్మం వైపు చూసింది, సంచి వైపు చూసింది. బస్సు ఇంకోసారి కొట్టింది.

"పోనీయ్" అంది వీరమ్మ, కళ్ళు తెరవకుండానే. "లెక్క తప్పేవే. మళ్ళీ మొదట్నించి కొలు."

లెక్క తప్పలేదని గదిలో ఉన్న నలుగురికీ తెలుసు. పుల్లమ్మ వెనక్కి జరిగి, మళ్ళీ మామ్మ మడమ మీద జాన వేసింది.